చెస్ట్‌నట్ క్రీము సరే, ముందు కాలు చూసుకోండి

(శ్రీకాకుళంలో రిటైర్డ్ ఉద్యోగుల సమావేశంలో ఒక ఫార్మసీ కళాశాల అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు "మొక్కల మందుల మీద ఏదైనా చెప్పండి మేడమ్" అన్నారు. తులసి గురించి, తిప్పతీగ గురించి వాట్సాప్ మీకు రోజూ పొద్దున్నే చెబుతోంది. దాంతో నేను పోటీ పడలేను. అందుకే మన ఊళ్లలో ఎక్కడా కనిపించని చెట్టును ఎంచుకున్నాను. దాని పేరు చెస్ట్‌నట్. చెట్టు లేదు గానీ సరుకు మాత్రం వచ్చేసింది. కాళ్ల నరాలకు క్రీము, కళ్ల కింద ఉబ్బుకు జెల్, జుట్టుకు షాంపూ, హోమియో షాపులో చుక్కల మందు. ఫోన్లో ఆర్డర్ పెడితే పాలకొండకైనా ఇచ్ఛాపురానికైనా కొరియర్‌లో దిగిపోతుంది. ఇందాక లోపలికి వస్తుంటే ఒక మాస్టారు నా చేతిలో ట్యూబు పెట్టి "ఇది పనిచేస్తుందా అమ్మా?" అన్నారు. ఆయన అనుమతితో ఆ ట్యూబును ఇక్కడే టేబుల్ మీద ఉంచాను.

మొదట చెట్టు సంగతి. ఈ పేరుతో రెండు వేర్వేరు చెట్లున్నాయి. ఒకటి తినే చెస్ట్‌నట్, కాస్టేనియా సటైవా. ఓక్ చెట్ల కుటుంబానిది. ఇటలీ, ఫ్రాన్స్ కొండల్లో పేదవాడికి శతాబ్దాల పాటు తిండి పెట్టింది. గింజను ఎండబెట్టి పిండి చేసుకుని రొట్టెలు చేసుకునేవాళ్లు. పలాస జీడిపప్పులో దాదాపు సగం కొవ్వే ఉంటుంది. ఈ చెస్ట్‌నట్‌లో రెండు శాతం అటూ ఇటూ, మిగతాది ఎక్కువగా పిండి పదార్థం, నీరు. పప్పుగింజల్లో సాధారణంగా కనిపించని సి విటమిన్ కూడా ఇందులో ఉంటుంది.

రెండోది హార్స్ చెస్ట్‌నట్, ఏస్క్యులస్ హిప్పోకాస్టేనమ్. దీన్ని తినకూడదు. గింజ, ఆకు, బెరడు, పువ్వు అన్నీ పచ్చిగా విషమే. వాంతులు, విరేచనాలతో మొదలై, ఎక్కువ తింటే ఇంకా ముదురుతుంది. దీని పుట్టిల్లు గ్రీసు, అల్బేనియా వైపు బాల్కన్ కొండలు. 16వ శతాబ్దంలో ఇస్తాంబుల్ మీదుగా వియన్నాకు గింజలు చేరి, అక్కణ్నుంచి యూరప్ అంతా రోడ్ల పక్కన నీడ చెట్టయింది. మన హిమాలయాల్లో దీని సోదరి ఉంది, ఏస్క్యులస్ ఇండికా. ఉత్తరాఖండ్‌లో పాంగర్ అంటారు. అక్కడి కొండ జనం గింజల్ని దంచి, పారే నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, చేదు పోయాక పిండిగా వాడుకునేవాళ్లు. చూశారా, విషాన్ని నీళ్లతో కడిగేసి తిండిగా మార్చుకున్నారు. ఇది విని వంట చేసే ప్రయోగం మాత్రం ఎవరూ పెట్టుకోకండి.

ఉత్తరాది యాత్రలకు వెళ్లినవాళ్లు నున్నగా మెరిసే గోధుమరంగు గింజలు ఏరుకొచ్చి "ఇది చెస్ట్‌నట్టేనా, వేయించుకోవచ్చా?" అని నాకు చూపిస్తుంటారు. గుర్తుపట్టడం తేలిక. తినే చెస్ట్‌నట్ గింజకు ఒక వైపు చదునుగా ఉండి, కొసన చిన్న కుచ్చు ఉంటుంది. దాని కాయ మీద సూదుల్లాంటి ముళ్లు దట్టంగా ఉంటాయి, వేలు పెట్టలేం. హార్స్ చెస్ట్‌నట్ గింజ గుండ్రంగా ఉంటుంది, కొస ఉండదు, ఒక వైపు పెద్ద తెల్లమచ్చ. ఆకు చూస్తే ఇంకా సుళువు. తినేదాని ఆకు విడిగా, పొడుగ్గా, అంచుల్లో రంపం పళ్లతో ఉంటుంది. తినకూడనిదాని ఆకు మన బూరుగు ఆకులాగా అయిదారు రేకులుగా విచ్చుకుని ఉంటుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. ఈ రెండోది మనకు పరాయిది కాదు. కుంకుడు చెట్టుకు చుట్టం. ఒకప్పుడు దీన్ని వేరే కుటుంబంగా రాసేవాళ్లు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక కుంకుడు, లీచీ ఉన్న సాపిండేసీ కుటుంబంలోకి తెచ్చారు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ సంతల్లో గోనెసంచుల్లో కనిపించే కుంకుడుకాయ, లండన్ రోడ్ల పక్క రాలే గింజ ఒకే కుటుంబం. 1956 నుంచీ ఉన్న మన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో ఈ కుంకుడుకాయ ఒకటి.

ఇదిగో ఈ సీసాలో రెండు కుంకుడుకాయల పెచ్చులు, కాసిని నీళ్లు ఉన్నాయి. గట్టిగా ఊపుతున్నాను. నురగ చూడండి. సోడా నురగయితే ఈపాటికి చల్లారిపోయేది. ఇది పది నిమిషాలైనా అలాగే ఉంటుంది. మా ల్యాబులో పిల్లలకు మొదటి సంవత్సరంలోనే ఈ పరీక్ష చేయిస్తాం. నురగ నిలిచిందంటే సాపోనిన్ అనే సబ్బులాంటి పదార్థం ఉందని అర్థం. హార్స్ చెస్ట్‌నట్ గింజను తురిమి నీళ్లలో కలిపినా ఇదే నురగ. యూరప్‌లో బట్టలు కూడా ఉతికారు దాంతో.

సాపోనిన్ అణువుకు ఒక కొస నీటిని, ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది. అందుకే తలలో నూనె వదులుతుంది, పట్టుచీర మీద మరక పోతుంది. అదే గుణంతో కణాల పొరనూ కదిలిస్తుంది. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో ఇక్కడ ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. నేరుగా రక్తంలోకి వెళితే ఎర్రకణాలు పగిలిపోతాయి. సాపోనిన్ ఉన్న కాయలు దంచి మడుగులో వేస్తే చేపలు తేలిపోతాయని కొండ ఊళ్ల పెద్దలకు బాగా తెలుసు. సబ్బు, మందు, విషం అన్నీ ఒక్క పదార్థంలోనే ఉన్నాయి. ఎంత, ఎటునుంచి అన్నదే తేడా.

హార్స్ చెస్ట్‌నట్‌లో ఉన్న సాపోనిన్ల మిశ్రమాన్ని ఎస్సిన్ అంటారు. మందు అదే. మన కాలి సిరల్లో రక్తం కింది నుంచి పైకి, గుండె వైపు ఎక్కాలి. పిక్క కండ బిగిసినప్పుడల్లా రక్తం పైకి నెట్టబడుతుంది, వెనక్కి జారకుండా లోపల కవాటాలు ఆపుతాయి. గంటల తరబడి నిలబడే టీచర్లకు, కానిస్టేబుళ్లకు, కండక్టర్లకు, కాన్పులైన ఆడవాళ్లకు, ఈ కవాటాలు సడలుతాయి. రక్తం కిందే నిలిచిపోతుంది. సిరలు మెలికలు తిరిగి పైకి తేలతాయి. మనవాళ్లు "నరాలు ఉబ్బినాయి" అంటారు కదా, అవి ఇవే. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, బరువు, రాత్రి పిక్కలు పట్టేయడం, కొన్నేళ్లకు చర్మం నల్లబడి దురద, ఆఖరికి మానని పుండు. ఎస్సిన్ ఏం చేస్తుందంటే సన్నని రక్తనాళాల గోడల్లోంచి నీరు కారడాన్ని తగ్గిస్తుంది, సిర గోడకు కొంచెం బిగువు ఇస్తుంది.

ఇది అమ్ముకునేవాడి మాట కాదు, పరీక్షించారు. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక జర్మన్ ప్రయోగం వచ్చింది. 240 మంది రోగులు, 12 వారాలు. ఒక గుంపుకు బిగుతు మేజోళ్లు, ఒక గుంపుకు ఎస్సిన్ మాత్రలు, ఒక గుంపుకు ఉత్తుత్తి మాత్రలు. మేజోళ్లు వేసుకున్నవాళ్ల కాలి వాపు సగటున సుమారు 47 మిల్లీలీటర్లు తగ్గింది. ఎస్సిన్ వాళ్లకు సుమారు 44. ఉత్తుత్తి మాత్ర వాళ్లకు తగ్గకపోగా 10 దాకా పెరిగింది. తర్వాత 2012లో, వైద్య ప్రయోగాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఇలాంటి 17 ప్రయోగాలను కలిపి చూసి, నొప్పి, వాపు, దురద కొద్దికాలం వాడితే తగ్గుతున్నాయని చెప్పింది. కొద్దికాలం అన్న మాట వదిలేయకండి. ఏళ్ల తరబడి వాడితే ఏమిటన్నదానికి ఈ ప్రయోగాలు జవాబు చెప్పవు. తేలిన సిర మళ్లీ లోపలికి పోతుందని కూడా ఎవరూ చెప్పలేదు. దానికి లేజరో ఆపరేషనో కావాలి.

మేజోళ్లతో సమానం అన్నది మనకు చిన్న విషయం కాదు. మే నెలలో శ్రీకాకుళంలో, ఆ ఉక్కపోతలో, తొడదాకా బిగుతు మేజోడు వేసుకుని కూర్చునేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) డాక్టరు రాస్తారు, మనం కొంటాం, రెండో రోజు బీరువాలో పెడతాం. అందువల్ల మాత్ర అనేసరికి ఆశ పుట్టడం సహజమే. మేజోడు వేసుకోగలిగినవాళ్లు మాత్రం అదే వేసుకోండి. పొద్దున్నే మంచం దిగకముందు, వాపు ఎక్కకముందు తొడగాలి. దాంతోపాటు నడక, పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు.

ప్రయోగాల్లో వాడిన మోతాదు ఏమిటో వినండి. ఎస్సిన్ 50 మిల్లీగ్రాములు ఉండేలా కొలిచిన సారం, రోజుకు రెండుసార్లు, నోటి ద్వారా. గింజలోని ఎస్క్యులిన్ అనే ఇంకో విషాన్ని తీసేసి తయారు చేసింది. ఇప్పుడు మాస్టారి ట్యూబు తీసుకుందాం. వెనక అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్లద్దాలు కావాలి. కాస్మెటిక్ లేబుల్ మీద పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. మొదట నీళ్లు. తర్వాత పారఫిన్, గ్లిజరిన్, మెంథాల్. కర్పూరం. సువాసన. ఆ తర్వాత, కిందనుంచి రెండో వరసలో, ఏస్క్యులస్ హిప్పోకాస్టేనమ్ సారం. ఎంత అన్నది లేదు. ఎస్సిన్ అన్న మాటే లేదు. రాసుకోగానే చల్లగా, తేలిగ్గా అనిపించేది మెంథాల్ వల్ల. డబ్బా మీద చెట్టు బొమ్మ మాత్రం పెద్దదే వేశారు.

ట్యూబు మీద ఇంకోటి చూడాలి. ఇది మందుగా లైసెన్సు తీసుకుందా, కాస్మెటిక్‌గానా? మన 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం కాస్మెటిక్ అంటే శుభ్రం చేసుకోవడానికి, అందంగా కనబడటానికి పైన పూసుకునేది. జబ్బు నయం చేస్తుందని చెప్పుకునే హక్కు దానికి లేదు. డబ్బా ఒకటి చెబుతుంది, ఫోన్లో వచ్చే ప్రకటన ఇంకోటి చెబుతుంది. నేనైతే డబ్బానే నమ్ముతాను.

అందం సంగతికి వద్దాం, ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. కళ్ల కింద ఉబ్బుకు వాడే జెల్‌లలో ఎస్సిన్ వేయడానికి కారణం ఇందాక చెప్పిందే, నీరు కారడం తగ్గిస్తుందని. ఉబ్బు కొంచెం దిగొచ్చు. నలుపు వేరే విషయం. మన ఒంటి రంగుల్లో అది చాలావరకు పుట్టుకతో వచ్చే మెలనిన్ అనే రంగు పదార్థం. దానికి ఈ చెట్టు ఏమీ చేయలేదు. బెరడులోని ఎస్క్యులిన్‌కు ఒక వింత గుణం ఉంది. నీళ్లలో నానబెట్టి, దొంగనోట్లు చూసే నీలి దీపం కింద పెడితే ఆ నీళ్లు నీలంగా వెలుగుతాయి. అంటే ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలను పీల్చుకుంటోందన్నమాట. అందుకే గత శతాబ్దం మొదట్లో జర్మనీలో దాన్ని ఎండకు రాసుకునే క్రీముల్లో వాడారు. ఇప్పుడు అంతకన్నా మంచివి వచ్చాయి. ఎస్క్యులిన్ మాత్రం మైక్రోబయాలజీ ల్యాబులో మిగిలింది, కొన్ని రకాల బ్యాక్టీరియాను గుర్తుపట్టే పరీక్షకు. జుట్టు రంగు డబ్బా మీద "చెస్ట్‌నట్ బ్రౌన్" అని ఉంటుంది చూడండి, అందులో చెస్ట్‌నట్ ఉండదు. రంగు పేరంతే. అలాంటి చాలా డైల్లో ఉండేది పీపీడీ అనే రసాయనం, కొందరికి మొహం వాచిపోతుంది. ముందు చెవి వెనక కాస్త రాసి చూసుకోండి.

తినే చెస్ట్‌నట్ ఆకుది ఇంకో కథ. దక్షిణ ఇటలీ పల్లెల్లో ఆ ఆకు కాచిన నీళ్లతో చర్మం మీది ఎర్రటి మంటల్ని కడిగేవాళ్లు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలోని కసాండ్రా క్వేవ్ బృందం ఆ మాట పట్టుకుని, 2015లో ఒక ఫలితం ప్రచురించింది. చీము పుట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను ఈ ఆకు సారం చంపదు. అవి ఒకదానికొకటి పంపుకునే రసాయన కబుర్లను ఆపుతుంది. కబురు అందకపోతే అవి విషాన్ని వదలవు. చంపడం లేదు కనుక తట్టుకునే శక్తి పెంచుకోవాల్సిన అవసరం కూడా వాటికి పెద్దగా రాదు. యాంటీబయాటిక్స్ ఒక్కొక్కటీ పనిచేయకుండా పోతున్న ఈ రోజుల్లో నాకు క్రీముల కన్నా ఇదే గొప్పగా తోస్తుంది. ఇంకా ఎలుకల దశ దాటి మందుగా మన దగ్గరికి రాలేదు. ఈ చెట్టు కలపలోని టానిన్‌తో యూరప్‌లో తోళ్లు శుద్ధి చేస్తారు. మన కరక్కాయను కూడా అదే పనికి వాడతారు, లోపలి రసాయనాలూ దగ్గర బంధువులే.

ఇక అసలు మాట. నేను ఈరోజు ఇంత దూరం తిరిగి వచ్చింది దీనికోసం. కాలు వాచిందంటే నరాల జబ్బే అని ఈ జిల్లాలో అనుకోవడానికి వీల్లేదు.

మీలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు ఉన్నారు. మీ ఉద్దానం ప్రాంతం సంగతి మీకు నేను చెప్పాలా? అక్కడి కిడ్నీ జబ్బు మొదట్లో చప్పుడు చేయదు. వాపు కూడా ఉండకపోవచ్చు. వాపు కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉండొచ్చు. అలాంటి మనిషి నెలల తరబడి క్రీము రాసుకుంటూ కూర్చుంటే పోయేది క్రీము డబ్బులొక్కటే కాదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, ఈ రెండు పరీక్షలు మొదట చేయించండి. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా వచ్చింది. ఇంకో మాట, ఎస్సిన్‌ను ఎక్కువ మోతాదులో ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కిడ్నీ అనుమానం ఉన్నవాళ్లు ఆ మాత్ర జోలికి సొంతంగా వెళ్లొద్దు. ఒళ్లునొప్పుల మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

రెండోది బోదకాలు. ఇది మన తీరప్రాంతం పాత శత్రువు. క్యూలెక్స్ దోమ తెచ్చే ఫైలేరియా పురుగు శోషరస నాళాలను చెడగొడుతుంది. సిరలకూ దీనికీ సంబంధం లేదు, ఎస్సిన్ దీనికి పనికిరాదు. దీనికి కావాల్సింది రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవడం. ఇంటికి వచ్చి ఆరోగ్య సిబ్బంది ఇచ్చే ఫైలేరియా మందులు, డీఈసీ, అల్బెండజోల్ మాత్రలు వాళ్ల ఎదుటే మింగండి. గూట్లో పెట్టొద్దు.

మూడోది తొందరది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని మర్దనా చేయకూడదు. ఏ క్రీమూ వద్దు. ఆ పూటే ఆసుపత్రి.

ఇంట్లో చూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. మోకాలి కింద, ముందువైపు ఎముక మీద బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉంటే నీరు చేరినట్టు. సాయంత్రం ఎక్కువగా ఉండి, రాత్రి పడుకుని లేచేసరికి తగ్గిపోతే సిరలు కావచ్చు. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ, మొహం కూడా ఉబ్బితే కిడ్నీ వైపు చూడాలి. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం కలిస్తే గుండె. కొన్ని బీపీ మాత్రలకు, అమ్లోడిపిన్ లాంటివాటికి, చీలమండలు వాస్తాయి. మీ మాత్రల చీటీ తీసి చూడండి, కొందరికి అందులోనే జవాబు దొరుకుతుంది. ఇవన్నీ అనుమానం దాకానే, నిర్ధారణ డాక్టరుదే.

ప్రశ్నలుంటే అడగండి.

కుంకుడు రసం కాలికి రాస్తే సరిపోతుందా అంటున్నారు. సరిపోదండి. ఒకే కుటుంబమైనా లోపలి సాపోనిన్లు వేరు. కుంకుడుకాయతో కాళ్ల జబ్బుకు అలాంటి ప్రయోగాలు జరగలేదు. దాన్ని తలకే ఉంచండి.

మొలలకు హోమియోలో ఏస్క్యులస్ ఇస్తారు కదా అంటున్నారు. అవును, మొలలు కూడా ఉబ్బిన సిరలే కనుక ఈ చెట్టును అటువైపు వాడటం పాత అలవాటు. కానీ హోమియో పలచన మందులో ఎంత ఎస్సిన్ మిగులుతుందో లెక్క వేస్తే నేను ఇందాక చెప్పిన ప్రయోగాలతో దానికి పోలిక లేదు. మొలల్లో రక్తం పడుతుంటే మాత్రం ముందు పరీక్ష చేయించుకోండి. రిటైరైన వయసులో రక్తం అంటే పేగు క్యాన్సర్‌నూ మనసులో పెట్టుకోవాలి.

గుండె వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ వాడుతున్నవాళ్లా? మీరు ఈ మాత్ర తీసుకోవద్దు. రక్తం పలచబడే మందులతో కలిసి రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. గర్భిణులూ అంతే. పుండు పడ్డ చర్మం మీద క్రీము కూడా వద్దు.

ఆ వెనక అమ్మా, చెప్పండి. "అంతా విన్నాం గానీ, మాస్టారి ట్యూబు రాసుకోమంటారా, వొగ్గేయమంటారా?" (నవ్వులు) మాస్టారూ, మీ కాలు నేను ఇందాకే చూశాను. రెండు కాళ్లకీ గుంట పడుతోంది, సుగరు కూడా ఉందన్నారు. ట్యూబు సంగతి తర్వాత. రేపు పొద్దున ల్యాబుకు వెళ్లి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించి, రిపోర్టు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.